నాదిర్షా: రక్షకుడు నిరంకుశుడైన చరిత్ర

హిందూస్థానీ భాషలో నాదిర్షాహీ అను మాట కలదు. విచారణ లేని ఉత్తరువునకును, దయ లేని దండనకును, అడ్డు లేని అధికారమునకును ఆ మాట పర్యాయపదమై నిలిచినది. ఒక మనిషి పేరు దుష్పరిపాలనకు సామాన్యనామ మగుట చరిత్రలో అరుదు. అయినను ఇరాను దేశమునందలి మష్హద్ నగరమునకు పోయి చూచినచో, ఆ మనిషికే 1963 లో నిర్మింపబడిన గంభీరమైన సమాధిమందిరము కనబడును. దానిపై గుఱ్ఱము నెక్కిన వాని విగ్రహము నిలిచియున్నది. పరుల పాదముల క్రింద నలిగిన మాతృభూమిని విడిపించిన వీరునిగా ఆ దేశీయులు వానిని తలంతురు. ఢిల్లీ నాదిర్షాను మఱవలేదు, ఇరానును మఱవలేదు. ఆ రెండు జ్ఞాపకములు మాత్రము వేఱు.

ఈ రెండింటిలో ఏది నిజ మని అడిగినచో, రెండును నిజమే యని చెప్పవలసియుండును. విచిత్ర మేమనగా, ఆ రక్షకుడును ఆ హంతకుడును ఒకే కత్తిని పట్టినవారు. ఏ గుణములు వానిని కట్టెలమోపు నుండి సింహాసనమునకు ఎక్కించినవో, ఆ గుణములే వానిని సింహాసనము నుండి నరకమునకు దింపినవి. షేక్స్పియరు మహాకవి మాక్బెత్తు పాత్రయందు చూపిన పతనమును చదివి విద్యార్థులు ఆశ్చర్యపడుచుందురు. కవి కల్పనకు దీటైన కథను చరిత్రయే నాదిర్షా జీవితమున వ్రాసి పెట్టినది.

కట్టెలమోపు

పదునేడవ శతాబ్ది చివరిభాగమున, ఇరాను ఈశాన్యమూల నున్న ఖొరాసాన్ రాష్ట్రములో, దర్రెగజ్ ప్రాంతమందలి దస్తగిర్ద్ గ్రామమున నాదిర్ జన్మించెను. వారిది అఫ్షార్ తెగ. తండ్రి ఇమాం కులీ నిఱుపేద. గొఱ్ఱెచర్మములతో అంగీలు కుట్టియు, మందలు కాచియు బ్రదుకు సాగించెడివాడు. నాదిర్ పసితనముననే తండ్రి గతించెను. బాలుడు అడవిలో పుల్లలేఱి, సంతకు మోసి, అమ్మి, తల్లిని పోషించె నని చెప్పుదురు.

ఆ సీమ శాంతి యెఱుగనిది. ఉత్తరపు మైదానముల నుండి తుర్కొమానులును, ఉజ్బెకులును గుఱ్ఱములపై వచ్చి గ్రామములను దోచి, మనుషులను పట్టుకొనిపోయి బానిసలుగా అమ్మెడివారు. కత్తి పట్టలేనివానికి అచ్చట పంట లేదు, ఇల్లు లేదు, భార్యాబిడ్డలు లేరు. యువకుడైన నాదిర్ అబీవర్దు పట్టణపాలకుడగు బాబా అలీ బేగు కొలువున తుపాకి పట్టిన సామాన్యభటుడుగా చేరెను. పొడగరి, దృఢకాయుడు, ఉఱుమువంటి కంఠము కలవాడు. సరిహద్దు పోరాటములలో వాని ధైర్యమును, దానికి మించిన వాని యుక్తిని చూచి, ఆ పాలకుడు తన కుమార్తె నిచ్చి వివాహము చేసెను. 1719 లో వారికి రెజా కులీ యను కుమారుడు కలిగెను. ఈ బిడ్డ పేరును పాఠకులు గుర్తుంచుకొనవలెను. ఈ కథ కంతటికిని కంటతడి పెట్టించు ఘట్టము వానిదే.

కూలిన సింహాసనము

ఇరానును 1501 నుండి సఫావీ వంశీయులు ఏలుచుండిరి. ఆ వంశమున చివరివాడు అనదగిన సుల్తాన్ హుసేన్ మెత్తనివాడు, అంతఃపురమును విడువనివాడు. కాందహారులో తిరుగబడిన గిల్జాయీ ఆఫ్గనుల నాయకుడు మహమూదు 1722 లో దండెత్తివచ్చి, గుల్నాబాద్ వద్ద షా సేనను చిత్తుచేసి, రాజధాని యగు ఇస్ఫహానును ముట్టడించెను. ఆఱు మాసములకు పైగా సాగిన ఆ ముట్టడిలో నగరము క్షామమునకు బలియయ్యెను. ప్రజలు తోలును, చెట్లబెరళ్లును ఉడకబెట్టుకొని తినిరి. తుదకు షా తానే కోట వెడలి, తన కిరీటమును విజేతకు అప్పగించెను.

ఇల్లు తగులబడుచుండగా ఇరుగుపొరుగు వారు వాసములు లాగికొనిన ట్లయ్యెను. ఉత్తరమున కాస్పియన్ తీరమును రష్యా చక్రవర్తి పీటరు ఆక్రమించెను. పశ్చిమ రాష్ట్రములను తుర్కీ సుల్తాను సేనలు మ్రింగెను. షా కుమారుడు తహ్మాస్ప్ తానే రాజు నని ప్రకటించుకొని, నిలువనీడ లేక ఉత్తరప్రాంతములలో తిరుగుచుండెను. ఇరాను అను పేరు పటమునుండి తుడిచిపెట్టుకొనిపోవు నేమో యని తోచిన కాలమది.

సేవకు డను బిరుదు

1726 లో తహ్మాస్ప్ శిబిరమునకు నాదిర్ తన అనుచరులతో వచ్చి చేరెను. అప్పటికి తహ్మాస్పుకు అండగా నున్నవాడు కజార్ తెగ నాయకుడు ఫతే అలీ ఖాన్. ఒక ఒరలో రెండు కత్తు లిముడవు. కొలది మాసములలోనే కజార్ నాయకునిపై ద్రోహారోపణ వచ్చెను, శిరస్సు తెగెను. ఆ స్థానము నాదిర్‌కు దక్కెను. వెంటనే మష్హద్ నగరము స్వాధీనమయ్యెను. సంతసించిన తహ్మాస్ప్ వానికి తహ్మాస్ప్ కులీ యను బిరుదు నిచ్చెను. తహ్మాస్పునకు దాసుడని దాని యర్థము.

ఆ తొలి హత్యలోనే నాదిర్ పతనబీజము లుండె నని ఈనాడు చెప్పుట సులభము. ఆనాటి ఇరానీయులకు అట్లు తోచలేదు. వారికి కావలసినది గెలువగల నాయకుడు. నాదిర్ గెలిచి చూపెను. చెదరిన పటాలములను ప్రతిదినము కవాతు చేయించి, తుపాకి దళములకు గుఱితప్పని శిక్షణ నిచ్చి, ఒంటెలపై చిన్న ఫిరంగులను కట్టించి క్రొత్త సేనను నిర్మించెను. 1729 లో హెరాతు అబ్దాలీలను లొంగదీసెను. అదే యేట సెప్టెంబరులో మిహ్మాందూస్త్ వద్దను, నవంబరులో ముర్చేఖుర్త్ వద్దను ఆఫ్గను సేనలను ఓడించి ఇస్ఫహానును విడిపించెను. ఏడేండ్ల పరపాలన అంతరించెను. తహ్మాస్ప్ తన పూర్వుల సింహాసనము నధిష్ఠించెను. ఈ ఘట్టముతో నాదిర్ కథ ముగిసినచో, వాని పేరు కళంకము లేని దేశభక్తుల పట్టికలో చేరియుండెడిది.

ఓటమిలో సైతము ఆ దినములలో వాని నడవడి మెచ్చదగినది. 1733 లో బాగ్దాదు ముట్టడి కాలమున తుర్కీ సేనాని తోపాల్ ఉస్మాన్ పాషా వానిని ఘోరముగా ఓడించెను. నాదిర్ ఆ నేరమును సైనికులపై నెట్టలేదు. వారు పోగొట్టుకొనిన గుఱ్ఱములకును, సామగ్రికిని పరిహార మిచ్చి, కొలది మాసములలోనే సేనను నిలబెట్టి కిర్కూక్ వద్ద మరల పోరాడి గెలిచెను. ఆ యుద్ధమున మడిసిన ఉస్మాన్ పాషా దేహమును సగౌరవముగా అతనివారికి పంపెను. శత్రువు శౌర్యమును గుర్తింపగల హృదయము అప్పటికింకను వానియందు మిగిలియుండెను.

మెట్టుపై మెట్టు

కాని సింహాసనమునకు ప్రక్కన నిలుచువాని చూపు సింహాసనముపై పడక మానదు. 1731 లో నాదిర్ తూర్పున హెరాతు తిరుగుబాటు నణచుచుండగా, తహ్మాస్ప్ తానును వీరుడ ననిపించుకొనవలె నని తుర్కీలపై దండెత్తి ఓడి, గెలిచిన రాష్ట్రములను మరల పోగొట్టుకొని సంధి చేసికొనెను. నాదిర్‌కు కావలసిన అవకాశము చేతికి దొరికెను. 1732 లో ఇస్ఫహానుకు వచ్చి, షాను విందునకు పిలిచి, మితిమీఱి త్రాగించి, ఒడలెఱుగని స్థితిలో సేనానులకును ప్రభువులకును చూపించెను. ఇట్టివాడు రాజ్యమేలుట తగునా యని అందఱిచేతను అనిపించి, అతనిని తొలగించెను. ఏడాది నిండని అతని కుమారుని అబ్బాస్ అను పేర ఊయలలోనే రాజును చేసి, తాను సంరక్షకు డయ్యెను. దాసుడను బిరుదు ధరించి ఆఱేండ్లు తిరిగినంతలో ప్రభువును పదభ్రష్టుని చేసెను.

తుర్కీలపై 1735 లో బాఘావర్ద్ వద్ద గొప్ప విజయము లభించెను. రష్యావారు యుద్ధము లేకయే తాము ఆక్రమించిన సీమలను విడిచిపోయిరి. 1736 ప్రారంభమున నాదిర్ మూఘాన్ మైదానమున దేశములోని సర్దారులను, న్యాయాధిపతులను, మతాచార్యులను, గ్రామపెద్దలను సుమారు ఇరువదివేల మందిని సమావేశపఱచెను. తాను అలసితి ననియు, ఖొరాసాను పోయి విశ్రమింతు ననియు, వారికి నచ్చినవానిని రాజుగా ఎన్నుకొన వచ్చు ననియు తెలియజేసెను. గుడారముల చుట్టు వేగులవారు తిరుగుచుండిరి. సఫావీ వంశమే ఉండదగినదని తన గుడారములో ఆంతరంగికముగా పలికిన ప్రధాన మతాచార్యుని మఱునాడు ఉరిబిగించి చంపించిరి. ఆ పిమ్మట అభిప్రాయభేదము లేకపోయెను. 1736 మార్చి 8 వ తేదిన గొఱ్ఱెలకాపరి కుమారుడు షా యయ్యెను.

ప్రజలు భయపడి సమ్మతించిన సమ్మతిని నిజమైన సమ్మతిగా భావించుట పాలకుడు తన్ను తాను మోసగించుకొనుటలో మొదటి మెట్టు. మూఘానులో నాదిర్ ఆ మెట్టు నెక్కెను. తనకు ఎదురు పలుకువాడు దేశములో లేడని ఆనందించెను. ఎదురు పలుకువాడు లేనివానికి నిజము చెప్పువాడును ఉండడని గ్రహింపలేదు.

కర్నాలు, ఢిల్లీ

ఆఫ్గనుల మూలస్థానమగు కాందహారు దీర్ఘమైన ముట్టడి పిదప 1738 మార్చిలో పడెను. పారిపోయిన ఆఫ్గనులకు మొగలు ప్రభుత్వము ఆశ్రయమిచ్చుచున్న దనియు, తన రాయబారులను అలక్ష్యము చేసె ననియు సాకు చూపి నాదిర్ కాబూలును పట్టి, ఖైబరు కనుమ నడ్డగించిన సేనను ప్రక్కదారిన చుట్టుముట్టి, పంజాబులో ప్రవేశించెను. అసలు కారణము వేఱు. ఎడతెగని యుద్ధములతో ఇరాను ఖజానా వట్టిపోయెను. సేనకు జీతములు కావలెను. జీతములకు ధనము కావలెను. ధనము ఢిల్లీలో నుండెను.

1739 ఫిబ్రవరి 24 వ తేదిన కర్నాలు వద్ద యుద్ధము జరిగెను. మొగలుసేన సంఖ్యలో పెద్దది, కదలికలో బరువైనది, నాయకులలో చీలినది. అయోధ్యా సుబేదారు సాదత్ ఖాన్ తొందరపడి ముందుకు దుమికి బందీ యయ్యెను. ఖాన్ దౌరాన్ ప్రాణాంతకముగా గాయపడెను. హైదరాబాదు ఆసఫ్‌జాహీ వంశమునకు మూలపురుషుడైన నిజాముల్ముల్కు యుద్ధములోనికి దిగలేదు. కొద్ది గంటలలోనే ఫలితము తేలిపోయెను. నిజాముల్ముల్కే రాయబారము నడిపి, ఏబది లక్షల రూపాయలతో నాదిర్‌ను వెనుకకు మరలింప నొప్పించె నని చరిత్రకారులు వ్రాసిరి. అయితే మీర్‌బక్షీ పదవి తనకు గాక నిజామునకు దక్కుటచే అసూయచెందిన సాదత్ ఖాన్, ఢిల్లీకి పోయినచో ఇరువది కోట్లు రాబట్టవచ్చు నని విజేతకు బోధించె నట. పదవీకాంక్ష ఒక్క నాదిర్‌కే పరిమితమైన వ్యాధి కాదు. అది ఓడినవారి గుడారములలోను కాపురముండెను.

మార్చి 20 వ తేదిన నాదిర్ ఢిల్లీ ప్రవేశించెను. మఱునాటి సాయంకాలమున నగరమున షా చంపబడె నను వదంతి పుట్టెను. గుంపులు లేచి వీధులలో ఒంటరిగా చిక్కిన ఇరాను సైనికులను చంపిరి. 22 వ తేది ఉదయమున నాదిర్ గుఱ్ఱమెక్కి చాందినీచౌకులోని రోషనుద్దౌలా మసీదునకు పోయెను. తన సైనికుల శవములను చూచెను. కత్తి దూసెను. అదియే సంజ్ఞ. ఏ వీధిలో సైనికుల శవములు కనబడినవో ఆ వీధిలో ఎవ్వరిని ప్రాణములతో విడువవద్దని యాజ్ఞ. ఉదయము నుండి అపరాహ్ణము దాక నరమేధము సాగెను. ఇండ్లు తగులబడెను. ఇరువది మొదలు ముప్పదివేల మంది వఱకు ఆ యొక్కదినమున హతులైరని సాధారణమైన అంచనా. మొగలు చక్రవర్తి మహమ్మదుషా తరఫున నిజాముల్ముల్కు మొదలగువారు వచ్చి వేడుకొనగా నాదిర్ కత్తిని ఒరలో పెట్టెను. ఆజ్ఞ అందిన వెంటనే సైనికులు చంపుట మానిరట. ఈ విషయమును వాని క్రమశిక్షణకు నిదర్శనముగా కొందఱు మెచ్చుకొనిరి. నిజమునకు అదియే మిక్కిలి భయంకరమైన విషయము. ఆవేశము మనిషిని మించిపోయినపుడు జరిగిన హత్య వేఱు. నిలుపగలిగియు, గంటలకొలది నిలుపక కూర్చుండిన హత్య వేఱు.

సుమారు రెండు మాసములు ఢిల్లీలో నుండి, ప్రభువుల నుండియు వర్తకుల నుండియు చిత్రహింసలతో ధనము రాబట్టి, మయూరసింహాసనమును, దరియానూరును, కోహినూరును తీసికొని నాదిర్ మే మాసమున బయలుదేఱెను. కృష్ణాతీరమున కొల్లూరు గనులలో పుట్టినదని పలువురు విశ్వసించు ఆ కోహినూరు ఆ విధముగా హిందూకుషు పర్వతములు దాటెను. మొత్తము కొల్లసొమ్ము డెబ్బది కోట్ల రూపాయల వఱకు నుండు నని యంచనా వేసిరి. కిరీటమును మాత్రము మహమ్మదుషాకు తిరిగి యిచ్చి, సింధునదికి పడమటి సీమలను తన రాజ్యమున కలుపుకొనెను. ఇరాను ప్రజలకు మూడేండ్ల పన్నులు రద్దుచేయుచు ఫర్మానా పంపెను.

కళింగయుద్ధము ముగిసినపుడు అశోకుడు శవములను చూచి తనలోనికి తాను చూచుకొనెను. ఢిల్లీ వీధులలో శవములను చూచిన నాదిర్ తదుపరి దండయాత్రను గూర్చి యోచించెను. ఒక రక్తపాతము ఒకని కన్ను తెఱపించినది. వేఱొకటి వేఱొకని కన్ను శాశ్వతముగా మూసినది.

కుమారుని కన్నులు

1740 లో బుఖారాయు, ఖీవాయు లొంగెను. ఖీవాలో బానిసలుగా మ్రగ్గుచున్న వేలకొలది జనులను నాదిర్ విడిపించెను. బాల్యమున తన సీమను పీడించిన దొంగల గూటిని ఆ విధముగా భగ్నము చేసెను. వాని జీవితమున కీర్తింపదగిన చివరి కార్యము ఇదియే యనవచ్చును.

తండ్రి హిందూదేశమున నుండగా రాజప్రతినిధిగా ఇరానును పాలించినవాడు రెజా కులీ. తండ్రి మరణించె నను వదంతి వచ్చినంతనే, సఫావీ పక్షపాతులు తిరుగబడుదు రని భయపడి, బందీగానున్న తహ్మాస్పును, అతని పసికుమారులను చంపించెను. తండ్రి నేర్పిన పాఠమునే కుమారుడు అప్పగించెను. కాని ఆ వార్త వినిన తండ్రికి గర్వము కలుగలేదు, శంక కలిగెను. తాను మరణించితి ననగానే సింహాసనమునకు దారి చేసికొనినవాడు, తాను బ్రదికియుండగా చేయడా?

1741 మే మాసమున నాదిర్ మాజందరాన్ అడవిదారిన పోవుచుండగా చెట్లమాటు నుండి ఎవ్వడో తుపాకి ప్రేల్చెను. గుండు చేతికి తగిలి, గుఱ్ఱము కూలెను. హంతకుడు కొంతకాలమునకు పట్టుబడి, రెజా కులీ ప్రోత్సాహముననే కాల్చితి నని చెప్పెను. ఆ మాట యెంతవఱకు నిజమో తేల్చు నిష్పక్షపాతమైన విచారణ జరుగలేదు. నాదిర్షాహీలో విచారణకు చోటెక్కడిది? 1742 లో తండ్రి యాజ్ఞచే ఆ యువకుని కన్నులు పెకలింపబడెను.

అటుపిమ్మట నాదిర్ గుండె పగిలెను. గుడారములో ఒంటిగా కూర్చుండి విలపించెను. ఆ దినమున చుట్టు నిలిచియుండియు తన కాళ్లపై బడి కుమారునికై ప్రార్థింపని ప్రభువులది నేరమని నిర్ణయించి, వారిని చంపించెను. వారెట్లు ప్రార్థింతురు? ఎదురు పలికినవాని గతి మూఘానులోనే వారికి తెలిసియుండెను. తన భయపెట్టిన నోళ్లే తన కుమారుని రక్షింపలే దని గ్రహించుటకు మాఱుగా, ఆ నోళ్లను శాశ్వతముగా మూసెను. పశ్చాత్తాపము సైతము వానిచేతిలో ఖడ్గరూపము దాల్చెను. ఇంతకంటె విషాదకరమైన మార్పు మఱొకటి లేదు.

ఇరాను ఖరాబు

ఆ సమయముననే నాదిర్ దాగెస్తాన్ పర్వతములలో లెజ్గీ తెగలతో పోరుచుండెను. 1738 లో వారు తన సోదరుడు ఇబ్రహీంఖానును చంపిరి గనుక, ఆ పగ తీర్చుకొనవలె నని పట్టుదల. మంచు, వ్యాధి, ఆకలి సేనను తినివేసెను. దర్బందునకు సమీపమున నున్న వాని శిబిరమునకు ఇరాను ఖరాబు అని పేరు పడెను. ఇరానునకు వినాశన మని దాని భావము. జనులు ఒక్కొకప్పుడు పేరు పెట్టుటలోనే చరిత్ర వ్రాయుదురు.

మూడేండ్ల పన్నుల రద్దు మాట నీటిమూట యయ్యెను. రద్దయిన పన్నులనే తిరిగి వసూలు చేయ నారంభించిరి. ఢిల్లీ ధనమంతయు ఖొరాసాను కొండలలోని కలాత్ దుర్గమున భద్రపఱుపబడి యుండెను. దానిని వెలికి తీయుటకు నాదిర్‌కు మన సొప్పలేదు. ఒకప్పుడు సేనకై ధనము వెదకినవాడు, ఇప్పుడు ధనమును దాచి సేనకై ప్రజలను పిండెను. 1743 నాటికి వాని సైన్యము మూడు లక్షలు దాటిన దని ఒక అంచనా. అంతటి సేనను మోయుట ఆ కృశించిన దేశమునకు తలకు మించిన భారము. పారసీక సింధుశాఖలో నౌకాదళము నిర్మింపవలె నను కోరికతో, ఉత్తరమున మాజందరాన్ అడవుల దూలములను దేశమునకు దక్షిణపు కొసనున్న బుషీరు రేవు దాక రైతులచే మోయించెను. పన్ను కట్టలేనివారి ముక్కుచెవులు కోయించిరి, కన్నులు తీయించిరి.

రైతు పారిపోయిన చోట పొలము బీడు పడును. పొలము బీడుపడిన చోట పన్ను రాదు. పన్ను రానిచోటికి సేనను పంపిన, మిగిలిన రైతులును పారిపోవుదురు. ఈ చక్రమున చిక్కిన పిమ్మట నాదిర్ ఎంత కఠినుడైన అంత బీదవాడయ్యెను. ఎంత బీదవాడైన అంత కఠినుడయ్యెను. 1743 లో మోసూలు ముట్టడి విఫలమయ్యెను. 1744 లో తన ఆంతరంగికుడైన తకీఖాను షీరాజులో తిరుగబడెను. 1745 లో తుర్కీలపై మరల ఘనవిజయము లభించినను, 1746 లో కుదిరిన సంధివలన పాత సరిహద్దులే మిగిలెను. ఏండ్లకొలది సాగిన పశ్చిమయుద్ధముల నికరలాభము అది.

చివరి రాత్రి

ఆ దినములలో నాదిర్ వ్యాధిగ్రస్తుడై యుండెను. వానికి చికిత్స చేసిన బాజిన్ అను ఫ్రెంచి మతాచార్యుడు ఆ తుదిదినములను గూర్చి వ్రాసియుంచెను. 1747 లో ఇస్ఫహాను నుండి కిర్మాను మీదుగా మష్హదునకు సాగిన వాని ప్రయాణమార్గమున నరశిరస్సులతో గోపురములు లేచెను. సొంత అన్నదమ్ముల బిడ్డయగు అలీ కులీ సీస్తానులో తిరుగుబాటు జెండా ఎత్తెను. సాటి తెగవారిని, సాటి మతస్థులను నమ్మలేక, ఒకనాడు తాను జయించిన ఆఫ్గనులనే నాదిర్ అంగరక్షకులుగా పెట్టుకొనెను. ఎవరి నుండి దేశమును విడిపించెనో వారి నీడలోనే, తాను విడిపించిన దేశీయుల నుండి దాగికొనెను. పారిపోవుటకై జీను కట్టిన గుఱ్ఱమును సిద్ధముగా నుంచుకొనె ననియు చెప్పుదురు.

జూన్ మాసమున శిబిరము ఖబూషాన్ సమీపమందలి ఫతేహాబాదున విడిసెను. విజయపురి యని ఆ పేరునకర్థము. తన ఇరానీ సేనానులను మఱునాడు బంధింపవలె నని ఆఫ్గను నాయకులకు నాదిర్ రహస్యముగా ఆజ్ఞ ఇచ్చెను. ఆ రహస్యము బయటపడెను. చావు తప్ప దని తెలిసినవారికి భయముండదు. అఫ్షార్, కజార్ సేనానులు కొందఱు ఆ రాత్రియే గుడారమున జొరబడిరి. పలువురు గుమ్మముకడనే వెనుదీసిరట. వాని పేరునకు అప్పటికిని అంత భయము. లోపలికి వచ్చినవారిలో ఇద్దఱిని నాదిర్ కూల్చె నని చెప్పుదురు. కాలు తొట్రుపడి పడగా వాని శిరస్సును ఖండించిరి. తెల్లవాఱునప్పటికి ఆ మహాశిబిరము దోపిడిరంగముగా మాఱెను. అంగరక్షకులలోని అహమ్మదుఖాన్ అబ్దాలీ తనవారితో కాందహారునకు పోయి ఆఫ్గను రాజ్యమును స్థాపించెను. కోహినూరు తుదకు వాని చేతి కందెను.

వంశమునకు పట్టిన గతి అంతకంటె హృదయవిదారకము. సింహాసన మెక్కిన అలీ కులీ కలాత్ దుర్గమునకు మనుషులను పంపి, అంధుడైన రెజా కులీతో సహా నాదిర్ సంతతిని చంపించెను. మనుమడు షారుఖ్ ఒక్కడు మిగిలెను. పిదప అలీ కులీయు అంధుడై హతుడయ్యెను. షారుఖ్ సైతము శత్రువులచే అంధుడు గావింపబడెను. అర్ధశతాబ్దము తరువాత, 1796 లో, కజార్ వంశజుడైన ఆగా మహమ్మదుఖాన్ వచ్చి, దాచిన రత్నములకై ఆ వృద్ధాంధుని చిత్రహింసల పాలుచేసెను. 1726 లో శిరస్సు కోల్పోయిన ఫతే అలీఖానునకు ఆగా మహమ్మదుఖాన్ మనుమడు. ఆనాటి అప్పు డెబ్బదియేండ్లకు వడ్డీతో తీఱెను.

నాదిర్షా పుట్టుకతో క్రూరుడై యుండిన, వాని కథలో నేర్చుకొన దగినది లేకుండును. దుష్టుని దుష్టత్వము ఎవ్వరికిని వింత గాదు. ఈతడు తల్లిని పోషించినవాడు, దేశమును నిలబెట్టినవాడు, శత్రువును గౌరవించినవాడు. ప్రతి హత్యకును ఆయా సమయమున ఒక కారణము కనబడెను. ప్రత్యర్థిని చంపుట ఐక్యతకై, ప్రభువును తొలగించుట దేశరక్షణకై, ఆచార్యుని చంపుట స్థిరత్వమునకై, ఢిల్లీని దోచుట సేనకై. ప్రతిసారి హింస ఫలించెను. ఫలించిన సాధనమును మనిషి విడువడు. తుదకు మాటతో తీఱు పనికిని కత్తియే చేతికి వచ్చు స్థితి వచ్చెను. ఆ చేతికి కుమారుని కన్నులును అడ్డుకాలేదు.

మష్హదులో విగ్రహము గుఱ్ఱముపై ముందుకు సాగుచున్నట్లే నిలిచియున్నది. ఢిల్లీ భాషలో వాని పేరు శాపమై నిలిచియున్నది. ఈ రెండింటి నడుమ, చీకటి గుడారములో కుమారునికై ఏడ్చిన తండ్రికి మాత్రము ఎచ్చటను స్మారకచిహ్నము లేదు. చరిత్రపాఠమును చెప్పు ఉపాధ్యాయుడును, వినెడు విద్యార్థియు తలచుకొన దగినది ఆ తండ్రినే.